అల్లూరు రొయ్య మీద సుంకం ఎవరు వేశారు?

పెద్ద దేశాలు విదేశాంగ విధానాన్ని ఎలా నిర్ణయిస్తాయో టీవీల్లో వివరించే పెద్దమనుషులను చూస్తే నాకు నవ్వొస్తుంది. వాళ్ల మాటల్లో ఎప్పుడూ ఒక చదరంగం బల్ల ఉంటుంది. ఎవరో మహా మేధావి పది ఎత్తులు ముందే ఆలోచించి పావు కదుపుతుంటాడు. నేను పాతికేళ్లకు పైగా అలాంటి ఒక దేశం కొలువులో ఉన్నాను. ఆ మేధావి నాకు ఎక్కడా తగల్లేదు. నాకు తెలిసింది ఒక గది, భోజనానికి లేవాలని తొందరపడే కొందరు మనుషులు, వాళ్ల ముందు రెండు పేజీల కాగితం. ఆ కాగితంలో ఎవరి సంగతి ఉంటే వాళ్లు లోకంలో ఉన్నట్టు. లేకపోతే లేనట్టు.

నేను చెన్నైలో ఒక పెద్ద దేశపు కాన్సులేట్‌లో, ఆర్థిక విభాగంలో, స్థానిక ఉద్యోగిగా పనిచేసి రిటైరయ్యాను. ఆ దేశం పేరు రాయను. ఊహించగలిగినవాళ్లు ఊహించుకోండి. చిన్న దేశమైతే ఇదంతా రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఈ మధ్య మన నెల్లూరు, తిరుపతి వైపు పిల్లలు కొందరు ఇలాంటి కొలువుల్లో చేరుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఒక సంగతి ముందే చెప్తాను. ఈ ఉద్యోగంలో మీకు రెండు పేర్లు వస్తాయి. ఊళ్లోవాళ్లు మిమ్మల్ని దొరల మనిషి అంటారు. ఆఫీసువాళ్లు మిమ్మల్ని ఊరి మనిషి అంటారు. నన్ను రెండూ అన్నారు. రెండింటికీ నేను తల దించలేదు. మీరూ దించకండి.

పని అంటే ఏమిటి

మాది అల్లూరు పక్కన ఒక ఊరు. నాయన వరి పండించేవాడు. నెల్లూరులో డిగ్రీ, చెన్నైలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివి, పత్రికలో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకున్నాను. అప్పటినుంచి చుట్టాలందరికీ నేను వీసాలిచ్చే సుజాతనయ్యాను. వీసాల గది మా భవనంలో ఏ వైపు ఉంటుందో కూడా నాకు సరిగ్గా తెలియదని చెప్తే ఒక్కరూ నమ్మలేదు. పెళ్లిళ్లలో భోజనానికి కూర్చుంటే పక్కన పాస్‌పోర్టు పట్టుకుని ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు.

నా అసలు పని వేరు. ఆ దేశం నుంచి వచ్చే అధికారులు రెండు మూడేళ్లు ఉండి వెళ్లిపోతారు. మేం ఉండిపోతాం. ఈ ప్రాంతంలో ఏం పండుతోంది, ఏం అమ్ముడుపోతోంది, ఏ ఓడరేవు దగ్గర గొడవ జరుగుతోంది, ఎవరితో మాట్లాడితే నిజం తెలుస్తుంది, ఇవన్నీ మేం తెలుసుకుని చెప్పాలి. అధికారిని అక్కడికి తీసుకెళ్లాలి. మాటను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మార్చాలి. ఆ తర్వాత రాజధానికి వెళ్లే నివేదికకు మొదటి ప్రతి రాయాలి. కింద పేరు మాత్రం అధికారిది. దాని గురించి నాకు బాధ లేదు. వంట చేసినవాళ్ల పేరు విస్తరి మీద రాయరు కదా.

గూఢచర్యం అనుకునేవాళ్లకు ఒక మాట. నేను ఎవరితో మాట్లాడినా, నేను ఎక్కడ పనిచేస్తానో ముందే చెప్పి మాట్లాడాను. చెప్పాక తలుపు వేసుకున్నవాళ్లున్నారు. ఆ తలుపు నేను మళ్లీ తట్టలేదు.

మార్గరెట్ దగ్గర నేర్చుకున్నది

నా మొదటి పై అధికారి మార్గరెట్. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మన కారం తట్టుకోలేక కళ్ల నీళ్లు పెట్టుకుంటూనే తినేది. నేను రాసిన మొట్టమొదటి నివేదికను ఆమె నా ముందే చదివి, సగానికి పైగా కొట్టేసింది. అది తుపాను తర్వాత మన తీరం రైతుల ఇబ్బందుల గురించి.

"ఇది చాలా బాగుంది, సుజాతా. చదివినవాళ్లు అయ్యో అనుకుంటారు. అనుకుని పక్కన పెడతారు" అంది.

"మరి ఏం రాయాలి?"

"మా రాజధానిలో ఒక ప్రభుత్వం లేదు. చాలా గదులున్నాయి. వాణిజ్యం గది, విదేశాంగం గది, సైన్యం గది, ఖజానా గది. ఒక్కో గదికి ఒక్కో కోరిక, ఒక్కో భయం. నువ్వు చూసినదే రాయి, ఒక్క అక్షరం మార్చకు. కానీ ఏ గది దేనికి భయపడుతుందో తెలుసుకుని రాయి. జాలి సముద్రం దాటలేదు. భయం దాటుతుంది."

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంత కఠినంగా మాట్లాడుతుందేమిటి అనుకున్నాను. తర్వాత ఎందరో అధికారులు మారారు. మన చీరలు కట్టుకుని ఫొటోలు దిగినవాళ్లున్నారు, గుడి ముందు చేతులు జోడించి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లెవరూ మనకు మార్గరెట్ చేసినంత మేలు చేయలేదు. మిమ్మల్ని పొగిడే అధికారి దగ్గర జాగ్రత్తగా ఉండండి. మీ వాక్యం కొట్టేసే అధికారి దగ్గర నేర్చుకోండి.

పీటర్‌తో అల్లూరుకు

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ దేశంలోనూ సముద్రం ఒడ్డున రొయ్యలు పట్టి బతికేవాళ్లున్నారు. మన గుంటల్లో పెరిగిన రొయ్య చౌకగా వచ్చి తమ వ్యాపారం పోతోందని వాళ్లు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. వాళ్ల తీరం నుంచి చట్టసభకు గెలిచిన ప్రతినిధి ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. మన రొయ్య మీద అదనపు సుంకం వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. వేస్తే భారతదేశంలో ఏమవుతుందో రాయమని మాకు కబురు వచ్చింది.

అప్పటి నా పై అధికారి పీటర్. నెమ్మదైన మనిషి. ఇక్కడినుంచి మంచి పదవికి వెళ్లాలన్న ఆశ ఉన్నవాడు. అందులో తప్పేమీ లేదు. ఇద్దరం కారులో బయల్దేరాం. గూడూరు దగ్గర నిమ్మకాయ సోడా తాగుతూ ఆయన నన్ను అడిగాడు.

"మీ అన్నయ్యకు రొయ్యల గుంటలున్నాయని ఆఫీసులో రాసిచ్చావు కదా. అక్కడికే వెళ్తున్నామా?"

"అక్కడికీ వెళ్తున్నాం. వేరే గుంటలకూ వెళ్తున్నాం. మా అన్నయ్య గుంటలు వద్దంటే కారు ముందుకు పోనిస్తాను."

"వద్దు, చూద్దాం" అన్నాడు పీటర్.

మా అన్న ప్రభాకర్ గట్టు మీద లుంగీ ఎగ్గట్టుకుని నిలబడి ఉన్నాడు. గుంటలో ఏరేటర్ల చక్రాలు నీళ్లు చిమ్ముతున్నాయి. పీటర్‌ను చూసి నమస్కారం పెట్టి, నావైపు తిరిగాడు.

"ఏందిమే, దొరను పిల్చుకొచ్చినావు. సుంకం తీసేస్తాడంటనా?"

"అది ఆయన చేతుల్లో లేదన్నా. చూసి రాస్తాడు."

"రాసేదానికి ఇంత దూరం రావాల్నా? ఫోన్లో అడిగుంటే చెప్పుండేవాణ్ణి గదా."

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్తే పీటర్ నవ్వాడు. "ఫోన్లో విన్నానంటే మా రాజధానిలో ఎవరూ నమ్మరని చెప్పు" అన్నాడు.

అన్న నవ్వలేదు. మేత ధర, కరెంటు, వైరస్ వచ్చి ఒక గుంట మొత్తం పోయిన సంగతి చెప్పాడు. చివరికి, "సార్‌కి ఇది మాత్రం చెప్పు. సుంకం ఇంకా పడనే లేదు. పడుద్దంట అన్న మాటకే ఏజెంటు రేటు కోసేసినాడు. వాళ్ళ దేశం వేసేది ఎక్స్‌పోర్టు కంపెనీ మీద. కంపెనీ ఏజెంటును కోస్తాది, ఏజెంటు నన్ను కోస్తాడు. నేనెవర్ని కోయాల?" అన్నాడు.

మిగిలిన గుంటల దగ్గరా అదే మాట విన్నాం. మా అన్న మాట ఒక్కటే నమ్మి రాయకూడదని, నాలుగు ఊళ్లు తిరిగాం.

తర్వాత రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్లాం. చల్లటి గది. పొడుగాటి బల్లల ముందు ఆడవాళ్లు నిలబడి తలలు తీస్తూ, పెంకు ఒలుస్తూ ఉన్నారు. ఎక్కువమంది సముద్రం ఒడ్డు పాళేల నుంచి వ్యానులో వచ్చేవాళ్లు. వాళ్లను కూడగట్టి తీసుకొచ్చే ఆమె పేరు కోటమ్మ. వాళ్లాయన ఇంకా వేటకు పోతాడు. వల నిండని రోజుల్లో ఇల్లు గడిచేది ఆమె కూలీతోనే.

నేను పీటర్ ఎవరో చెప్పగానే ఆమె చేతులు తుడుచుకుని వచ్చింది.

"అమ్మా, సార్‌ని ఒక మాట అడుగు. వాళ్ళ దేశంలో రొయ్యలు పట్టేవోళ్ళు మా మాదిరోళ్ళేనా?"

పీటర్ కొంచెం ఆలోచించి నిజమే చెప్పాడు. "అవును. నేను పుట్టిన ఊరికి దగ్గర్లోనే ఉన్నారు. కొందరు పడవలు అమ్ముకున్నారు."

"అయ్యో, వాళ్ళకీ కష్టమేనే" అంది కోటమ్మ. "మరి వాళ్ళు ఎవరితో చెప్పుకున్నారు?"

"తాము గెలిపించిన ప్రతినిధితో."

"ఆయనకు వాళ్ళ ఓట్లు కావాల. అందుకని విన్నాడు. మా మాట ఎవురు వింటారు?"

నేను తర్జుమా చేశాను. పీటర్ నావైపు చూశాడు. ఆ ప్రశ్నను నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆమె మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ పేరా

తిరిగొచ్చాక మొదటి ప్రతి నేను రాశాను. రెండు సంగతులు సూటిగా పెట్టాను. సుంకం దెబ్బ ఎగుమతి కంపెనీ మీద కాకుండా గుంటల రైతుల మీదా, ఒలిచే ఆడవాళ్ల మీదా పడుతుందని ఒకటి. రెండోది మార్గరెట్ చెప్పినట్టు, వాళ్ల భయం తెలిసి రాసినది. ఆ దేశానికి పోటీగా నిలబడ్డ ఇంకో పెద్ద దేశం వ్యాపారులు అప్పటికే మన తీరంలో రొయ్యలు శుద్ధిచేసి ఎగుమతి చేసే ప్లాంట్ల చుట్టూ తిరుగుతున్నారు. మీరు తలుపు మూస్తే ఈ తీరం అటు తిరుగుతుంది, తిరిగాక మళ్లీ ఇటు రావడం కష్టం అని రాశాను. వాళ్లను నేను కళ్లారా చూశాను. లేని భయం పుట్టించలేదు.

పీటర్ చదివి, బాగుందని ఢిల్లీలోని వాళ్ల రాయబార కార్యాలయానికి పంపాడు. కొన్నాళ్ల తర్వాత నన్ను గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. అది మంచి సూచన కాదని నాకు తెలుసు.

"ఢిల్లీలో అడుగుతున్నారు, ఇది రాసిన ఉద్యోగి కుటుంబానికి రొయ్యల గుంటలున్నాయా అని."

"ఉన్నాయి. చేరినప్పుడే చెప్పాను. మీతో కలిసి వెళ్లినప్పుడూ చెప్పాను."

"తెలుసు. కానీ రైతుల గురించి రాసిన పేరా ఉంటే, నివేదిక మొత్తం మీద అనుమానం వస్తుంది అంటున్నారు. ఆ పేరా నువ్వే తీసేస్తే బాగుంటుంది."

"అందులో తప్పు ఏది?"

"తప్పని నేననలేదు. నీకు అందులో ప్రయోజనం ఉంది అంటున్నారు."

నాకు ఒళ్లు మండింది. గొంతు పెంచకుండా అడిగాను. "సుంకం వేయమంటున్న మీ ప్రతినిధికి ప్రయోజనం లేదా? ఆయన తీరం, ఆయన పడవలు, ఆయన ఓట్లు. ఆయన్ను గదిలోంచి లేచి వెళ్లమని ఎవరైనా అడిగారా?"

"ఆయన ఎన్నికైన మనిషి, సుజాతా."

"నేను కాదు. అందుకే నేను నిర్ణయించడం లేదు. చూసింది రాస్తున్నాను, అంతే."

పీటర్ నా నివేదికను మడిచి పక్కన పెట్టాడు. "నిన్ను ఈ పని నుంచి తప్పించాల్సి వస్తుంది" అన్నాడు.

"తప్పించండి. ఆ పేరా మాత్రం నేను తీయను. తీయాలంటే మీ చేత్తో తీయండి. లేదా, నాకు సంబంధం లేని మనిషిని ఎవరినైనా అల్లూరు పంపండి. నేను రాసిన ప్రతి వాక్యాన్నీ అక్కడ నిలబెట్టి చూడమనండి. ఏది నిలవకపోతే అది కొట్టేయండి. నేను నోరెత్తను."

భయపడలేదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. భయపడ్డాను. ఇంటికి వెళ్లాక అన్నం ముద్ద దిగలేదు. మా ఆయన స్కూల్ టీచరు. సంగతంతా విని, "ఉద్యోగం పోతే పోయింది. నువ్వు అబద్ధం రాసిన మనిషిగా ఇంటికొస్తే మాత్రం నిన్ను భరించడం నా వల్ల కాదు" అన్నాడు. ఆ మాటతో ఆకలి వేసింది.

పీటర్ ఆ పేరా తీయలేదు. ఉంచమని పోట్లాడనూ లేదు. మూడో మనిషిని పంపమన్న నా మాటను మాత్రం ఢిల్లీకి చేరవేశాడు. అతను చెడ్డవాడు కాదని నేను ఇప్పటికీ అంటాను. పెద్ద దేశాలను ఎక్కువగా నడిపేది ఇలాంటివాళ్లే. చెడు చేయరు, మంచి కోసం నిలబడరు, కాగితాన్ని పక్క బల్ల మీదికి జరుపుతారు.

సారా రాసింది

ఢిల్లీ నుంచి సారా అనే అధికారిణి వచ్చింది. నన్ను కలవకూడదని ఆమెకు చెప్పి పంపారు. వేరే దుబాసీతో అల్లూరు వెళ్లి, కొన్నాళ్లు అక్కడే ఉండి తిరిగింది. సుంకం విచారణలో భాగంగా ఆమె నివేదికను తర్వాత బయటపెట్టారు కాబట్టి అది అందరికీ తెలిసింది. నేను రాసినదంతా ఆమె మాటల్లో అలాగే ఉంది. నేను రాయనిది ఇంకొకటి ఉంది. కొన్ని షెడ్లలో ఆడవాళ్లకు చేతి తొడుగులు సరిగ్గా ఇవ్వడం లేదు. ఐసులో వేళ్లు పగిలిపోతున్నాయి. అదనంగా నిలబెట్టి పనిచేయించుకుంటున్నారు, దానికి కూలీ లేదు. అదంతా ఆమె పేరుపేరునా అడిగి రాసింది.

అన్న దగ్గరినుంచి ఫోన్ వచ్చింది.

"ఏందిమే ఇది? మీ ఆఫీసోళ్ళు వచ్చి మన షెడ్ల మీద రాసినారంట. ప్లాంటాయన నన్ను పిలిచి తిట్టినాడు."

"రాసింది అబద్ధమాన్నా?"

"అబద్ధమని నేనన్నానా? మన ఇంటి సంగతి బయటోళ్ళకు చెప్పుకుంటామా?"

"ఐసులో పగిలేది కోటమ్మ వేళ్లు కదన్నా. అది ఆమె సంగతి. ఆమె చెప్పుకుంది."

"నువ్వు యాడికి పోయినా ఇట్టనే మాట్లాడతావు" అని ఫోన్ పెట్టేశాడు. చాలా నెలలు మా మధ్య మాటల్లేవు. మా వదిన మాత్రం అప్పుడప్పుడూ ఫోన్ చేసి, అన్న పక్కనే ఉన్నాడని గొంతు తగ్గించి చెప్పేది.

ఆఫీసులో అనుమానం, ఊళ్లో నిష్ఠూరం. ఈ ఉద్యోగంలో నిజం చెప్తే మీకు దొరికేది ఇదే. ఎవరో ఒకరు చప్పట్లు కొడతారని చేరితే, ఇప్పుడే మానేయండి.

గదిలో జరిగింది

సుంకం పడింది.

అప్పటికి మార్గరెట్ వాళ్ల రాజధానిలో వాణిజ్య శాఖలో పనిచేస్తోంది. చాలా ఏళ్ల తర్వాత ఒక రోజు నాకు ఫోన్ చేసింది. చెప్పకూడనిదేమీ చెప్పలేదు. అప్పటికి పత్రికల్లో వచ్చినదాన్నే ఒక వరుసలో పెట్టి నాకు అర్థమయ్యేలా చెప్పింది.

వాణిజ్యం గది సుంకం కావాలంది. విదేశాంగం గది వద్దంది, కానీ గట్టిగా అనలేదు. సైన్యం గది మనవైపు మాట్లాడింది. పోటీ దేశం గురించి మేం రాసిన మాట వాళ్లను కదిలించింది. ఖజానా ఎటూ మాట్లాడలేదు. సుంకం నామమాత్రంగా వేసి సరిపెడదామన్న దాకా వచ్చింది. ఆ సమయంలో అక్కడ వేరే బిల్లు ఒకటి నడుస్తోంది. మందుల ధరల గురించి. దానికి ఒక ఓటు తక్కువైంది. ఆ ఓటు రొయ్యల తీరం ప్రతినిధిది. ఆయనకు ఏం కావాలో అందరికీ తెలుసు. ఇచ్చేశారు.

"అంటే మేం రాసినదంతా వృథానా?" అని అడిగాను.

"రొయ్యల వాదనలో మీరు ఓడిపోలేదు, సుజాతా. అక్కడ ఎవరూ రొయ్యల గురించి వాదించలేదు. మందుల బిల్లుకు చిల్లరగా ఇచ్చారు" అంది మార్గరెట్. ఆ తర్వాత, "ఆ పేరా నువ్వు తీయలేదని విన్నాను. అందుకే ఫోన్ చేశాను" అంది.

మన రైతుకు గాని, కోటమ్మకు గాని ఆ బిల్లు పేరు కూడా తెలియదు. వాళ్ల మీద కోపం ఉన్నవాళ్లు ఆ గదిలో ఒక్కరూ లేరు. అసలు వాళ్లున్నారన్న సంగతి ఆ గదికి గుర్తులేదు. పెద్ద దేశాలు కుట్ర పన్నుతాయని మనం అనుకుంటాం. కుట్ర పన్నాలంటే ముందు మనల్ని తలుచుకోవాలి. చాలాసార్లు అంత శ్రమ కూడా పడరు. నాకు ఇప్పటికీ మంట పుట్టించేది ఇదే.

ఆ తర్వాత

అన్న రెండు గుంటలు ఎండబెట్టాడు. మళ్లీ వరి వేద్దామంటే ఉప్పెక్కిన నేల ఒప్పుకోలేదు. కోటమ్మవాళ్ల వ్యాను ఆగిపోయింది. ఆమె పాళెంలో ఆడవాళ్లను పోగేసి, ఆటోలు మాట్లాడుకుని, దూరంగా ఇంకో షెడ్డుకు తీసుకెళ్లేది. కొందరు చెన్నై వైపు పనులకు వెళ్లిపోయారు.

అనుకోనిది ఒకటి జరిగింది. సారా రాసినది చదివిన ఆ దేశపు కొనుగోలుదారులు, షెడ్లు బాగుచేస్తే తప్ప సరుకు తీసుకోమన్నారు. సుంకాన్ని ఆపలేని కాగితం ఐసు బల్ల దగ్గర పనిచేసింది. తొడుగులు వచ్చాయి. అదనపు పనికి కూలీ వచ్చింది. మనవాళ్లు అడిగితే ఇవ్వని యజమాని, సముద్రం అవతల నుంచి ఎవరో అడిగితే ఇచ్చాడు. దీనికి సంతోషించాలో సిగ్గుపడాలో నాకు తెలియలేదు. రెండూ చేశాను.

కొంతకాలానికి సుంకాన్ని మళ్లీ సమీక్షించి కొంత తగ్గించారు. ఆ రోజు అన్న ఫోన్ చేశాడు. "రేటు కొంచెం లేచింది మే" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "ఆ షెడ్ల సంగతి నువ్వన్నదే సరిలే" అన్నాడు. మా అన్న అంతకంటే ఎక్కువ చెప్పే మనిషి కాదు.

నన్ను ఆర్థిక విభాగం నుంచి తీసి, సాంస్కృతిక కార్యక్రమాలకు వేశారు. ఆ దేశం నుంచి వచ్చే నాట్య బృందాలకు హాలు చూడటం, పూలగుత్తులు తెప్పించడం, మైకులు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం. ఆవేశంలో మాట్లాడానని రెండు ముక్కలు రాసిస్తే పాత పనికి రావచ్చని ఒకరు మెల్లగా చెప్పారు. "ఆవేశం కాదు, ఆలోచించే మాట్లాడాను" అన్నాను. రిటైరయ్యే వరకు పూలగుత్తులే తెప్పించాను. మంచి పూలు తెప్పించాను.

ఇప్పుడు చేరుతున్నవాళ్లు నన్ను ఒకటి అడుగుతారు. పరాయి దేశం జీతం తీసుకుంటూ మనవాళ్లవైపు మాట్లాడొచ్చా అని. ప్రశ్నే తప్పు. నాకు జీతం ఇచ్చింది నిజం చెప్పడానికి. వాళ్లకు నచ్చేది చెప్పి ఉంటే వాళ్లను మోసం చేసినట్టు. మనకు నచ్చేదే రాసి ఉంటే మళ్లీ వాళ్లను మోసం చేసినట్టే. నేను ఎవరినీ మోసం చేయలేదు. మీకు ఊరు ఉండటం తప్పు కాదు. ఆ గదుల్లో కూర్చునే ప్రతి మనిషికీ ఒక ఊరుంది. తన ఊరిని దేశ ప్రయోజనమంటాడు, మన ఊరిని పక్షపాతమంటాడు. ఆ మాట మీ ముందు ఎవరైనా అంటే, మర్యాదగా, గట్టిగా ఎదురు చెప్పండి. దానికి ఖర్చుంటుంది. పెట్టుకోండి.

నెల్లూరులో

పోయినేడు మన ప్రభుత్వమే ఇంకో దేశంతో వ్యాపార ఒప్పందం గురించి అభిప్రాయాలు తీసుకోవడానికి ఢిల్లీ నుంచి అధికారులను పంపింది. నెల్లూరులో ఒక హోటల్ హాలు. ఎగుమతి కంపెనీలవాళ్లను మాత్రమే పిలిచారు. మనదీ ఇప్పుడు చిన్న దేశమేం కాదు. మనకూ గదులున్నాయి. మన గదుల్లోనూ ఎవరు లేరో నాకు బాగా తెలుసు.

అన్నకు ఫోన్ చేశాను. కోటమ్మకు చేశాను. పొద్దున్నే హాలు ముందు కలుసుకున్నాం. పాళెం నుంచి ఒక ఆటో నిండా ఆడవాళ్లు వచ్చారు, గుంటల రైతులు కొందరు వచ్చారు. తలుపు దగ్గర ఉన్నతను ఆహ్వానం అడిగాడు. లేదన్నాం. అతను ఏం చేయాలో తోచక లోపలికి వెళ్తే, అతని వెనకే మేమూ వెళ్లాం.

వేదిక మీద ఉన్న అధికారి తెలుగువాడే. వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. లేచి నిలబడి, "మీరు ఏ సంస్థ తరఫున వచ్చారండీ?" అని అడిగాడు.

"సంస్థ లేదు సార్. రొయ్యలు ఒలుస్తాం" అంది కోటమ్మ.

ముందు వరుసల్లో కంపెనీలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఒకాయన సెల్‌ఫోన్ తీసి ఎవరికో చెప్పసాగాడు.

"మీ అభిప్రాయాలు రాసిచ్చి వెళ్లండమ్మా, తప్పకుండా పైకి పంపిస్తాం" అన్నాడు అధికారి.

"రాసి పైకి పంపడం నా ఉద్యోగం నాయనా. బతుకంతా అదే చేశాను. పైన ఏమవుతుందో నాకు తెలుసు" అన్నాను. "ఈ రోజు మాట్లాడటానికి వచ్చాం."

ఆయన హాలంతా చూశాడు. ఇబ్బంది పడ్డాడు. "కూర్చోవడానికి కుర్చీలు కూడా లేవు కదమ్మా."

కోటమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంటూ వరుసల మధ్యలోంచి ముందుకు నడిచింది.

"పొద్దస్తమానం నిలబడే మా పని సార్. నిలబడే మాట్లాడతాం. మీరు కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ముందు మాట్లాడాల్సిన కంపెనీ ఆయన చేతిలో ఉన్న మైకు, వరసలు దాటి ఆమె దగ్గరికి వచ్చింది.